నలభై ఒక్కసారి పారిపోయిన రోడ్డు రోలర్

మా తుమ్మలకుంటకు రోడ్డు వేసింది రోడ్ల శాఖ కాదు, సెషన్స్ కోర్టు. నమ్మనివాళ్లు వచ్చి చెప్పులు విడిచి నడిచి చూసుకోవచ్చు. ఊరి ముందరి రెండు వందల మీటర్లు తక్కిన రోడ్డుకన్నా నున్నగా ఉంటాయి. అది న్యాయస్థానం దగ్గరుండి తొక్కించిన జాగా.

అంతకుముందు మాకు దారి లేదని కాదు. ఉండేది. వానాకాలంలో కూడా దాన్ని దారి అనే పిలిచేవాళ్లం, మర్యాద కోసం. ఉత్త నల్లరేగడి. మా చిన్నతనంలో ఎద్దు దిగబడితే పైకి కనిపించే కొమ్ములను చూసి అది ఎవరి ఎద్దో పోల్చుకునేవాళ్లం. ఒకసారి కొమ్ములకు బదులు తలపాగా కనిపించింది. నలుగురం పట్టి లాగితే ఓట్లు అడగడానికి వచ్చిన పెద్దమనిషి బయటపడ్డాడు. గెలిచాక ఆయన మళ్లీ మా ఊరికి రాలేదు. ఆయన్ను నేను తప్పుపట్టను.

ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాడు ఓదెలు. రోడ్ల శాఖలో రోలర్ డ్రైవర్. ముప్పై ఏళ్లుగా జిల్లాలోని ఊళ్లన్నిటి రోడ్లూ నున్నగా తొక్కి, సాయంత్రం చెప్పులు చేతిలో పట్టుకుని, మోకాలిలోతు బురదలో ఇంటికి వచ్చేవాడు. వాళ్ల పెద్దబిడ్డ నొప్పులు పడుతుంటే మంచం మీద మోసుకుపోయాం. ఊరు దాటగానే, తొవ్వ పల్లంలోకి జారే దిగుడు దగ్గరే మనవడు పుట్టాడు. తొవ్వలో పుట్టాడని తొవ్వయ్య అని పేరు పెట్టాం. ఈ కథ నాటికి వాడు బడికి పోతున్నాడు. రోజూ ఆ దిగుడులో ఒకసారి పడి, పుట్టిన చోటికి దండం పెట్టినట్టే పెట్టి పోయేవాడు.

ఈసారి చిన్నబిడ్డ రజిత వంతు. పట్నంలో డాక్టరమ్మ పరీక్ష చేసి, "బీపీ ఎక్కువుంది. మంచాల మీద మోసే కాన్పు కాదిది. నొప్పులు మొదలైన గంటలో దవాఖానలో ఉండాలి" అని ఖచ్చితంగా చెప్పి పంపింది. ఆమె ఇచ్చిన తేదీ మిరుగం కార్తె ప్రవేశించిన వారానికి. మిరుగం అంటే మాకు మొదటి వాన. మొదటి వాన అంటే దారి బందు.

అదృష్టం ఏమిటంటే సరిగ్గా ఆ ఏడే మాకు రోడ్డు మంజూరైంది. ఓదెలు ఇంజనీరు వెంటపడి, ఆయన బజారుకు పోతే సంచి మోసి, ఆ డ్యూటీ తన పేర వేయించుకున్నాడు. మాఘమాసం వచ్చేసరికి మెయిన్ రోడ్డు నుంచి రెండున్నర కిలోమీటర్లు అయిపోయింది. ఇక మిగిలింది ఊరి ముందర మూడు వందల మీటర్లు. అందులోనే ఆ దిగుడు.

అదే సమయంలో జిల్లా పోలీసువారు ఒక ఉత్సవం మొదలుపెట్టారు. దాని పేరు "పారిపోవు వాహనముల నిర్మూలనా పక్షోత్సవములు". తాగి బండి నడిపి, ఆపమంటే ఆపకుండా పారిపోయేవాళ్లను పట్టుకోవాలి. మంచిదే. ఎవరు కాదంటారు? స్టేషనుకు నలభై చొప్పున పదిహేను రోజుల్లో కేసులు కావాలన్నారు. అదీ మంచిదే, కానీ మా మండలంలో పారిపోవాలంటే ముందు రోడ్డు ఉండాలి, తర్వాత బండి స్టార్టు కావాలి. ఆపమంటే ఆపడం మా బండ్లకు కష్టం కాదు. ఎవరూ ఆపమనకముందే అవి ఆగుతాయి. పోలీసులు కూడా నాలుగు తోపులు తోస్తేనే కదులుతాయి.

ఎస్సై జలంధర్ గారు చాలా నిజాయితీపరుడు. అదే మా కర్మ. లంచం ముట్టడు, కాగితం మీద ఉన్నది వదలడు. ఇంట్లో చాయ్ అడిగినా "సదరు చాయ్ ఎంతవరకు వచ్చినది?" అని అడుగుతాడని కానిస్టేబుల్ కనకయ్య చెబుతాడు. పద్నాలుగు రోజులు ఎండలో నిలబడ్డా ఆయనకు ఒక్క కేసు దొరకలేదు. పదిహేనో రోజు మధ్యాహ్నం జీపు వేసుకుని మా రోడ్డు మీదికి వచ్చాడు.

అప్పుడు నేను కంకర కుప్ప మీద గొడుగు వేసుకుని కూర్చుని ఉన్నాను. నాకు అక్కడ పనేమీ లేదు. డెబ్భై ఏళ్లు రోడ్డు కోసం చూసినవాడికి రోడ్డు పడుతుంటే చూడటం కూడా ఒక పనే. ఓదెలు సద్ది తిని, రెండు సీసాల కల్లు తాగి, రోలర్ ఎక్కాడు. తాగిన మాట అబద్ధం కాదు. మధ్యాహ్నం రెండు సీసాలు ఆయన అలవాటు. భార్య లచ్చవ్వ ఇరవై ఏళ్లుగా వద్దని మొత్తుకుంటూనే ఉంది.

రోలర్ పని తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. వేడి తారు కలిపిన కంకరను మా దగ్గర మాల్ అంటారు. మాల్ పరిచాక నూరు మీటర్ల ముక్కను పట్టుకుని రోలర్ ముందుకు పోవాలి, వెనక్కి రావాలి. రోడ్డు వెడల్పుకు అయిదు పట్టీలు, ఒక్కో పట్టీ ఎనిమిది సార్లు. అయిదెనిమిదులు నలభై. ఆఖరున సాఫుగా ఒక్కటి. మొత్తం నలభై ఒకటి. మధ్యలో ఆపకూడదు. మాల్ వేడి మీద ఉండగా రోలర్ నిలబెడితే అక్కడ గుంత పడుతుంది. ఇదంతా ఓదెలుకు తెలుసు. నాకు తెలుసు. మా తొవ్వయ్యకు కూడా తెలుసు.

ఎస్సై గారు రోడ్డుకు అడ్డంగా నిలబడి అరచెయ్యి ఎత్తాడు. రోలర్ ఆయనకు పదడుగుల దాకా వచ్చింది. రివర్సు పడి వెనక్కి పోసాగింది.

"కనకయ్యా! సదరు వాహనము మమ్ములను చూచి పారిపోవుచున్నది. టైము రాయి."

"సార్, అది రోలర్ సార్. అది గట్లనే పోతది."

"నేను ఆపమన్నానా లేదా?"

"అన్నరు సార్."

"పోయిందా లేదా?"

"పోయింది సార్. ఇంకా పోతనే ఉన్నది సార్. మెల్లగ."

"చట్టంలో మెల్లగా, జోరుగా అని లేదు. రాయి. ఒకటి."

కనకయ్య పుస్తకం తీసి ఒకటి వేసుకున్నాడు. ఈలోగా రోలర్ ఆ కొస ముట్టి మళ్లీ మా వైపు వచ్చింది.

"సార్, మల్లొస్తున్నది. లొంగిపోనీకి వస్తున్నదేమో సార్."

ఎస్సై గారు సంచిలోంచి ప్రొఫార్మా తీసి ఈ పక్క, ఆ పక్క తిప్పి చూశాడు. "పారిపోవుట అని గడి ఉన్నది. తిరిగి వచ్చుట అని గడి లేదు. లేని గడిలో ఎట్లా రాస్తావు?"

రోలర్ మీద నుంచి ఓదెలు మెడలో తువ్వాలు ఊపుతూ అరిచాడు. "సార్, జర పక్కకు జరుగుండ్రి! మాల్ వేడిమీదున్నది! నిలవెడితే గుంత వడ్తది!"

"ముద్దాయి మమ్ములను దారి తొలగమని బెదిరించినాడు" అన్నాడు ఎస్సై. "రాయి. రెండు."

మూడోసారి నుంచి వెంటాడటం మొదలైంది. జీపు డ్రైవర్ తారు మీద జీపు పెట్టనన్నాడు, టైర్లు అంటుకుపోతాయని. అందుకని ఎస్సై గారు నడిచే వెంటాడాడు. రోలర్ గంటకు నాలుగు కిలోమీటర్లు పోతుంది. ఎస్సై గారు అయిదు నడవగలడు. ప్రతిసారీ ఆయనే ముందు పోయి, అక్కడ నిలబడి, రోలర్ వచ్చేదాకా ఎదురుచూసి, చెయ్యెత్తి, మళ్లీ వెంటాడవలసి వచ్చింది. నాలుగోసారి ఆయన కుడి బూటు తారులో అంటుకుపోయింది. అయిదోసారి రోలర్ దాని మీదుగా పోయింది. ఆ బూటు ఇప్పటికీ రోడ్డులోనే ఉంది, ఆకు అచ్చులాగా. లేసు రంధ్రాలు కూడా లెక్కపెట్టుకోవచ్చు.

నేను కనకయ్యకు కుండలోంచి నీళ్లు పోసి ఇచ్చాను.

"ఎన్నైనయి బిడ్డా?"

"పందొమ్మిది తాతా. నలభై అయితే మా టార్గెట్ ఖతం. దేవుడు పంపిండు ఈ రోలర్‌ను."

నలభై ఒకటీ కావడానికి మొత్తం రెండు గంటల మూడు నిమిషాలు పట్టింది. ఓదెలు రోలర్‌ను పక్కకు తీసి, దిగి, ముఖం తుడుచుకుని, చేతులు జోడించాడు.

"దండాలు సార్. ఇంత ఎండల ఏం పనిమీద వచ్చిండ్రు?"

ఎస్సై గారు ఒంటి బూటుతో నిలబడి గొట్టం ముందుకు చాచాడు. ఓదెలు ఊదాడు. మిషన్ కూసింది.

అలా మా ఓదెలు "తాగిన మైకంలో భారీ వాహనము నడుపుచు, ఎనిమిది కిలోమీటర్ల రెండు వందల మీటర్ల దూరము పోలీసువారిని పరుగులు పెట్టించి, నలభై ఒక్క పర్యాయములు పలాయనము చేసి, చివరకు అలసి దొరికిపోయినాడు". పంచనామాలో అట్లా రాసి నా చేత సంతకం పెట్టించారు. నేను అయిదో తరగతి దాకా చదివాను. సంతకం పెట్టడం వచ్చు, పెట్టకుండా ఉండటం మా బడిలో నేర్పలేదు.

రోలర్ జప్తయింది. దానితో పాటు మాల్ కుప్ప, తారు పీపాలు, మూడు వందల మీటర్ల నేల, అన్నీ నేరస్థలమే. చుట్టూ పచ్చ పట్టీ కట్టారు. అడుగు పెడితే సాక్ష్యం చెరిపిన నేరం. మేము చేను గట్ల మీద నడవడం మొదలుపెట్టాం. ఇంజనీరును అడిగితే, "విషయము న్యాయస్థానం పరిధిలో ఉన్నందున రోడ్డు గురించి ఆలోచించుట కూడా ధిక్కారం కిందికి వస్తుంది" అన్నాడు. ఆ మాట చెప్పాక ఆయన ముఖం చాలా ప్రశాంతంగా కనిపించింది.

పక్షోత్సవాల కేసులకు ప్రత్యేకంగా పెట్టిన కోర్టులో నెల తిరగకముందే తీర్పు వచ్చింది. మేజిస్ట్రేటు గారు ఓదెలును ఒకే మాట అడిగారు.

"నేరం ఒప్పుకుంటావా?"

"తాగిన సార్. పారిపోలె."

"రెండూ కలిపి ఒకే కాగితంలో ఉన్నాయి."

"కాగితం ఒక్కటే కావచ్చు సార్. నేను తాగిన, పారిపోలె. ముప్పై ఏండ్ల నౌకరీల ఎవ్వల నుంచి పారిపోలె. పారిపోదామన్నా నా బండి పోదు."

ఒక్కో పలాయనానికి వారం చొప్పున నలభై ఒక్క వారాల శిక్ష వేశారు. ఒకదాని తర్వాత ఒకటి అనుభవించాలన్నారు. లచ్చవ్వ కోర్టు మెట్ల మీద కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టింది. "మిరుగం పోయి, దసరా పోయి, మల్ల సలికాలం వస్తది. పిల్లకు నొప్పులొచ్చిన నాడు తొవ్వా ఉండది, తండ్రీ ఉండడు" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

వకీలు సారంగపాణి గారు అప్పీలు వేసి, శిక్ష ఆపించి, బెయిలు తెచ్చాడు. సన్నగా, ఎండిన కందికట్టె లాగా ఉంటాడు. మాట కూడా అంతే, తగిలిందంటే గీరుకుంటుంది. అప్పీలు సెషన్స్ జడ్జి వేదవల్లి గారి ముందుకు వచ్చేసరికి మిరుగానికి రెండు నెలలు కూడా లేదు.

సర్కారు వకీలు లేచి గొంతు సవరించుకున్నాడు. "అమ్మగారూ, ఈ ముద్దాయి సామాన్యుడు కాడు. ఒకసారి పారిపోయినవాడిని పిరికివాడు అంటాం. నలభై ఒక్కసారి పారిపోయినవాడిని ఏమంటాం?"

"రోలర్ డ్రైవర్ అంటాం" అన్నాడు సారంగపాణి కూర్చునే. తర్వాత లేచాడు. "అమ్మా, నలభై ఒక్కసారి పోయినవాడు నలభై ఒక్కసారి తిరిగి వచ్చాడు కూడా. ఏ దొంగైనా అట్లా వస్తాడా?"

"రావడం కూడా నేరంలో భాగమే" అన్నాడు సర్కారు వకీలు. "తిరిగి రాకపోతే మళ్లీ పారిపోయే వీలు ఎక్కడిది? ప్రతి రాకా తర్వాతి పోకకు సన్నాహం!"

జడ్జిగారు కలం కింద పెట్టి కాసేపు కణతలు నొక్కుకున్నారు. అందులో ఎక్కడో తర్కం ఉన్నట్టు ఉంది, ఎక్కడ ఉందో పట్టుకోవడం మాత్రం ఆమెకు కూడా కష్టంగా ఉన్నట్టు కనిపించింది. చివరికి ఓదెలు వైపు తిరిగారు.

"నువ్వు చెప్పు. ఆ రోజు ఏం చేశావో అదే చెప్పు."

ఓదెలు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అమ్మా, నాకు చెప్పుడు రాదు. చేసుడొస్తది. బండి ఇయ్యుండ్రి, వేడి మాల్ ఇయ్యుండ్రి, చేసి చూపిస్త."

సారంగపాణి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన అద్దాలు తుడుచుకున్నాడంటే ఎవరికో మూడిందని అర్థం. "అమ్మా, నేరం యథాతథంగా మళ్లీ చేయించి చూడాలని మనవి. తొక్కిన ముక్క గట్టిపడింది కాబట్టి అది పనికిరాదు. దాని పక్క నూరు మీటర్లు, పచ్చి నేల, అదే కొలత, అదే వేడి, అంతే మాల్."

"మాకు అభ్యంతరం లేదు" అన్నాడు సర్కారు వకీలు ఛాతీ విరిచి. "అన్నీ యథాతథంగా జరగాలి. ఒక్కటి తగ్గినా ఊరుకోం. ఆనాడు తాగి ఉన్నాడు. ఈనాడు కూడా తాగే ఉండాలి!"

ఉత్తర్వు వెలువడింది. రోడ్డు గురించి ఆలోచించడానికే భయపడిన ఇంజనీరు, కోర్టు ముద్ర చూడగానే రెండు లారీల మాల్‌తో పరుగెత్తుకొచ్చాడు. పచ్చ పట్టీ కత్తిరించారు. కల్లు సంగతి మాత్రం కొంచెం చిక్కయింది. సర్కారు కొనాలి, కానీ సర్కారు ఎట్లా కొంటుంది? "సాక్ష్యాధారము నిమిత్తము తాటికల్లు, సీసాలు రెండు" అని గీత సంఘానికి ఎస్సై గారు ఇండెంటు పంపాడు. కనకయ్య పొద్దున్నే తాటిచెట్టు కింద నిలబడి దించుకొచ్చాడు. నాణ్యత చూడవలసిన బాధ్యత కూడా ఆయన మీదే పడింది. బాగా చూశాడని నడకను బట్టి తెలిసింది.

లచ్చవ్వ వాకిట్లో నిలబడి నోరు వెళ్లబెట్టింది. "కోర్టు తాగుమన్నదా? ఇరవై ఏండ్ల సంది నేను వద్దంటే ఇన్లే. సర్కారోళ్లు తాగుమనంగనే ఎంత బుద్ధిమంతుడో సూడుండ్రి, రెండు చేతుల్తోని పట్టుకొని తాగుతుండు!"

"ఊకో పిల్లా" అన్నాడు ఓదెలు. "కోర్టు మాట కాదంటే జైలే గద."

షామియానా కింద జడ్జిగారు, రెండు పక్కలా వకీళ్లు, వెనక మా ఊరంతా. ఎస్సై గారు రోడ్డు మధ్య చెయ్యెత్తాడు. రోలర్ వెనక్కి పోయింది. కనకయ్య ఒకటి వేశాడు. అంతా ఆనాటిలాగానే. నాలుగోసారి దగ్గర సారంగపాణి లేచాడు.

"అమ్మా, పంచనామా నాలుగో పేరా. బూటు."

"ఇవి కొత్త బూట్లు!" అన్నాడు ఎస్సై.

"యథాతథం" అన్నారు జడ్జిగారు.

ఎస్సై గారు కళ్లు మూసుకుని కుడికాలు తారులో పెట్టాడు. రోలర్ వచ్చి దాని పని అది చేసింది. బూటు పని మాత్రమే, కాలు అంతకుముందే తీశాడు.

నలభై అయ్యాక ఓదెలు రోలర్‌ను పక్కకు తీసి దిగాడు.

"అదేంటి?" అన్నాడు సారంగపాణి ఆశ్చర్యపోయినట్టు. "నలభయ్యే అయినాయి. పోలీసువారు నలభై ఒకటి అన్నారు. చూశారా అమ్మా, లెక్కే తప్పు!"

సర్కారు వకీలుకు ముఖం ఎర్రబడింది. "ఇది మోసం! మళ్లీ చేయించండి! ఇంకో నూరు మీటర్లు పరవండి!"

జడ్జిగారు పదిరోజులకు మళ్లీ వాయిదా వేశారు. నేను ఓదెలు పక్కకు పోయి గొంతు తగ్గించి అడిగాను.

"ఏమైందిరా, ఒకటి మరిచినవా?"

"మరుస్తనా కాక? సాఫు పట్టు రెండు ముక్కలకు కలిపి కొడితేనే అతుకు కనపడది. ఆ ఒక్కటి ఆడ కొడత" అన్నాడు తువ్వాలు దులుపుతూ. కల్లు వాసన వస్తోంది కానీ కళ్లు మాత్రం దిగుడు వైపే ఉన్నాయి. ఇంకో నూరు మీటర్లు. ఆ అవతల ఊరు.

రెండోసారి తిరునాళ్లే అయింది. మిరపకాయ బజ్జీల బండి వచ్చింది. దిగుడు నింపితే తప్ప యథాతథం కుదరదని సారంగపాణి వాదించడంతో ఇంజనీరు నాలుగు లారీల మొరం పోయించాడు. ఎస్సై గారు ఈసారి పాతబూటు తెచ్చుకున్నాడు. "అప్పుడు కొత్తదే ఉండెను" అని కనకయ్య నిజం చెప్పబోతే ఆయన చూసిన చూపుకు పుస్తకంలో తల దూర్చాడు. ఓదెలు ఈసారి నలభై రెండు కొట్టాడు. ఆఖరుది రెండు ముక్కలను కలుపుకుంటూ, నూరు మీటర్లు కాదు, రెండు వందల మీటర్లు ఒకే ఊపులో, ఊరి మొదటి గడప దాకా.

"ఇప్పుడు ఎక్కువైంది!" అని సారంగపాణి.

సర్కారు వకీలు కాగితం మీద చకచకా గీకాడు. "ఆనాడు నలభై, ఈనాడు నలభై రెండు. సగటు నలభై ఒకటి! పోలీసు లెక్క వెంట్రుకవాసి తప్పలేదు!"

జడ్జిగారు కారు ఎక్కి ఆ రోడ్డు మీదే తిరిగి వెళ్లారు. ఆమె చేతిలో ఉన్న గ్లాసులో మజ్జిగ ఒక్క చుక్క తొణకలేదట. తీర్పులో ఆ సంగతి రాయలేదు కానీ, తీర్పు మాత్రం అందులోంచే పుట్టిందని నా అనుమానం. "వెనుకకు పోవుట ఈ వాహనము యొక్క వృత్తిధర్మము. పోలీసువారు వచ్చినందువలన అది వెనుకకు పోలేదు. వారు రాకపోయినను పోవును" అని చెప్పి పలాయనం మొత్తం కొట్టేశారు. తాగి నడిపినందుకు జరిమానా పోగా కోర్టు లేచేదాకా శిక్ష వేశారు. ఓదెలు సాయంత్రం దాకా కోర్టు బెంచీ మీద కూర్చుని, హాయిగా ఒక కునుకు తీసి, శిక్ష అనుభవించి వచ్చాడు.

నేరస్థలం పట్టీ మళ్లీ కట్టలేదు. తీయమని ఉత్తర్వు ఉంది, కట్టమని లేదు. ఉత్తర్వు లేని పని చేసే అలవాటు మన సర్కారులో ఎవరికీ లేదు. ఆ ఒక్క గుణం వల్ల దేశం ఎన్ని ఆపదల నుంచి బయటపడిందో చెప్పలేం.

మిరుగం అయిదో రోజున కుండపోత వాన. తెల్లారేసరికి రజితకు నొప్పులు. ఫోను చేస్తే అంబులెన్సు వాడు "ఏ ఊరు? తుమ్మలకుంటా? మెయిన్ రోడ్డు దాకా మోసుకురండి" అన్నాడు, అలవాటు కొద్దీ.

ఓదెలు ఫోను లాక్కున్నాడు. "నీ యవ్వ, రోడ్డున్నదిరా! నేనే తొక్కిన! ఇంటి ముంగట్కి రా!"

వచ్చింది. మూడు బూట్ల మీదుగా, దిగుడు మీదుగా, గడప ముందుకు వచ్చి ఆగింది. దాన్ని చూడటానికి ఊళ్లో ముసలివాళ్లం అందరం వానలో నిలబడ్డాం. గంట లోపలే దవాఖాన. పొద్దు వాలేసరికి తల్లీ, ఆడపిల్లా క్షేమం అని కబురు. తొవ్వలో పుట్టినవాడు తొవ్వయ్య అయితే ఈ పిల్లకు అప్పీలమ్మ అని పేరు పెడదామని నేనన్నాను. లచ్చవ్వ చీపురు కోసం అటూ ఇటూ చూసింది, నేను లేచి వచ్చేశాను.

కథ ఇక్కడ ఆపితే నాకూ బాగుండేది. కానీ ఎస్సై జలంధర్ గారు నిజాయితీపరుడని ముందే చెప్పాను. ముద్దాయి రెండు రోజుల్లో ఎనభై రెండుసార్లు తాగి పారిపోవడం ఆయన కళ్లారా చూశాడు. కోర్టు చేయించినంత మాత్రాన నేరం నేరం కాకుండా పోతుందా? కొత్త కేసు కట్టాడు. మొదటి ముద్దాయి ఓదెలు. కల్లు తెచ్చి ఇచ్చినందుకు రెండో ముద్దాయి కానిస్టేబుల్ కనకయ్య. ప్రత్యక్ష సాక్షి నంబరు ఒకటి, సెషన్స్ జడ్జి వేదవల్లి గారు.

జడ్జిగారు ఆ కాగితం చదివి గ్లాసెడు నీళ్లు ఒకే గుక్కలో తాగారట. సాక్షి తీర్పు చెప్పకూడదు కాబట్టి కేసు ఇంకో కోర్టుకు పోయింది. ఆ కోర్టు దొర తెలివైనవాడు. యథాతథంగా చూడకుండా ఏమీ చెప్పలేనన్నాడు. చూడాలంటే పచ్చి నేల కావాలి. తుమ్మలకుంటలో పచ్చి నేల అయిపోయింది. ఎక్కడుందని అడిగితే ఇంజనీరు పటం తీసి చూపించాడు. పక్కనున్న ఊట్లపేట. నాలుగు కిలోమీటర్లు. పాతికేళ్లుగా మంజూరు కాని రోడ్డు. వారంలో అక్కడ మాల్ దిగింది, రోలర్ దిగింది, బోర్డు దిగింది: "కాబోవు నేరస్థలము. ప్రవేశము నిషిద్ధము."

సరిగ్గా అప్పుడు ఎస్సై గారికి జిల్లాలోకెల్లా అత్యధిక పలాయనాలు పట్టినందుకు ప్రమోషన్ మీద బదిలీ వచ్చింది. వార్త తెలియగానే ఊట్లపేట ఊరు ఊరంతా మెయిన్ రోడ్డు మీదికి, తమ రోడ్డు మొదలయ్యే చోటికి వచ్చి కూర్చుంది. ఆ వెనక రోడ్డు లేని ఇంకో తొమ్మిది ఊళ్లు. "ఎస్సైని ఆపాలి! మా రోడ్డయ్యేదాకా ఆపాలి!" అని ఒకటే కేకలు. ఊట్లపేట సర్పంచు నర్సింగం ఓదెలు రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బావా, మా పిల్లల్ని చూడు, మోకాళ్ల దాక బురద. నూరు మీటర్లకు ఒక్క కేసు చొప్పున నాలుగు కిలోమీటర్లు. నీకు దండం పెడ్త."

"కల్లు మాత్రం ముట్టను బావా" అన్నాడు ఓదెలు. "మనుమరాలి మీద ఒట్టేయించింది లచ్చవ్వ."

"తాగకున్నా సరే బావా, జర పారిపో. అది చాలు."

తన కోసం పది ఊళ్లు ధర్నా చేస్తున్నాయని తెలిసి ఎస్సై గారు జీపు దిగి వచ్చాడు. ఈసారి చెప్పులతో వచ్చాడు. ఆ జనాన్ని, ఆ కేకలను చూసి ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. పాతికేళ్ల నౌకరీలో ఒక పోలీసును పోవద్దని జనం అడగడం ఎక్కడా చూడలేదు పాపం. అందరూ శాంతించండి అన్నట్టు అరచెయ్యి పైకెత్తాడు.

ఎదురుగా రోడ్డు మొదట్లో రోలర్ ఎక్కి కూర్చున్న ఓదెలు ఎత్తిన చెయ్యి చూశాడు. చెయ్యి కింద పరిచిన వేడి మాల్ చూశాడు. రివర్సు వేశాడు.

రెండో ముద్దాయి కనకయ్య జేబులోంచి పుస్తకం తీసి, ఒకటి అని రాసుకున్నాడు.